మా బావ మాట్లాడలేని నాలుగు నిమిషాలు

మా బావ ముప్పై ఒక్క ఏళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నాడు. అంటే ముప్పై ఒక్క ఏళ్ళుగా కారులో పక్క సీట్లో కూర్చుని మాట్లాడుతున్నాడు. క్లచ్ నొక్కమనడం, అద్దం చూడమనడం ఎలాగూ ఆ పనిలో భాగమే. వాటి మధ్య ఖాళీల్లో తన చిన్నప్పటి పంటి నొప్పి దగ్గర్నుంచి, ఊళ్ళో మలుపులన్నీ ఎవరు ఎందుకు తప్పుగా వేశారన్నదాకా అన్నీ చెప్పేవాడు. నేర్చుకునేవాళ్ళు ఆయనకి పెట్టిన పేరు రేడియో మాస్టారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "రేడియో అంటే ఊరికే వాగేది కాదు మరదలా, సమాచారం ఇచ్చేది" అనేవాడు నాతో, కాస్త గర్వంగానే.

నేను ఆయన భార్యకి చెల్లెల్ని. వాళ్ళ ఇంటి పై అంతస్తులో ఉంటాను, ఒక స్కూలు లైబ్రరీలో పనిచేస్తాను. బావని ఆటపట్టించడం అక్క పెళ్ళితో నాకు దక్కిన హక్కు. ఇందులో నా మాట అక్కడక్కడా కాస్త తుంటరిగా ఉంటే ఆ చనువు వల్లే అనుకోండి. జరిగినవి మాత్రం జరిగినట్టే చెబుతున్నాను.

మా అక్క కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా ఎవరెవరివో నోళ్ళ అచ్చులు ముందు పెట్టుకుని, చిన్న బ్రష్షుతో, చిన్న ఆకురాయితో పళ్ళు దిద్దుతూ కూర్చుంటుంది. "పనిలోనూ నోళ్ళే, ఇంట్లోనూ నోరే" అని ఒకసారి అంది. ఆ ఏడాది మొత్తానికి ఆవిడ మాట్లాడిన పెద్ద వాక్యం అదే అనుకుంటాను. మాట్లాడదని కాదు, సందు దొరకదు.

బావ నడిచే రకం కాదు. వీధి చివర బ్రెడ్డు కొనాలన్నా కారు తీసేవాడు. అదేమంటే, "రివర్స్ తీసే అలవాటు తప్పిపోతుంది మరదలా" అనేవాడు. కారులో పక్క సీటు ఆయన ఆకారానికి తగ్గట్టు గుంట పడిపోయింది. యాభై ఏడో ఏడు వచ్చేసరికి సీటు బెల్టు ఆయన పొట్ట చుట్టూ తిరిగి రావడానికి కొంత బతిమాలుకోవాల్సి వచ్చేది.

ఇదంతా మొదలైన రోజు పొద్దున తొమ్మిదిన్నరకి ఒక స్కూల్లో వంట చేసే ఆవిడకి పాఠం చెబుతున్నాడు. లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పిన మనిషి. పెద్ద రోడ్డు మలుపు దగ్గర ఆవిడ రెండో గేరులోనే ఫుట్‌పాత్ అంచు ఎక్కించి దింపింది. అయినా పక్క నుంచి ఒక్క మాట రాలేదు. ఆవిడకి అనుమానం వచ్చింది.

"మాస్టారూ, ఏంటి తిట్టలేదు?"

సమాధానం లేదు. తిరిగి చూస్తే బావ ముఖం తడిసిపోయి ఉంది, ఒక చెయ్యి ఛాతీ మీద ఉంది. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయట. కానీ ఆ ముందు సిగ్నల్ దాటగానే ఆసుపత్రి. కారు ఆపి ఎవరికైనా ఫోన్ చేసేలోపు తనే తీసుకుపోవచ్చనుకుంది. మొదటిసారిగా మూడో గేరు వేసింది. సిగ్నల్ దగ్గర బావ పళ్ళు బిగించి ఒకే ఒక్క మాట అన్నాడు: "ఇండికేటర్."

ఆసుపత్రి వాలులో, ఎమర్జెన్సీ గుమ్మం ముందు, ఒక్క కుదుపు లేకుండా కారు ఆపింది. స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే బావ తల తిప్పి, "హ్యాండ్‌బ్రేక్ వేశావామ్మా?" అని అడిగాడు. వేసింది. ఆవిడ మరుసటి నెల పరీక్ష పాసయింది కూడా. అంతకంటే కష్టమైన పరీక్ష ఇంకేముంటుంది?

గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం ఒకటి మూసుకుపోయిందన్నారు. స్టెంట్ వేశారు. ఐదో రోజుకి ఇంటికి పంపారు.

ఇంటికొచ్చిన మనిషి మా పాత బావే, కానీ కాదు. నోరు ఎప్పట్లాగే నడిచేది. కాళ్ళు మాత్రం నడవనన్నాయి. మెట్లెక్కడు. వంగి చెప్పులు తీసుకోడు. సోఫాలో కూర్చుని దవడ కింద రెండు వేళ్ళు పెట్టుకుని నాడి చూసుకుంటూ ఉంటాడు. టీవీలో ఎవరైనా పరిగెత్తితే ఛానల్ మార్చేస్తాడు. కొంచెం ఆయాసం వస్తే చాలు, మళ్ళీ అదేనేమోనని ముఖం పాలిపోయేది. ఒక మధ్యాహ్నం నేను ఊరుకోలేక అడిగాను.

"బావా, కాసేపు నోటికి విశ్రాంతి ఇవ్వకూడదూ? డాక్టర్ గారు విశ్రాంతి అన్నారుగా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఆ రోజు కారులో మాట రాలేదే మరదలా. నోరు తెరిచాను, రాలేదు. అప్పుడనిపించింది, అయిపోయిందని. మాట్లాడుతున్నంతసేపూ ఉన్నట్టే కదా."

ఆయన చెబుతున్న పంటి నొప్పి కథ ఆ రోజు మొదటిసారి చివరిదాకా విన్నాను.

ఐదు వారాలయ్యాక డాక్టర్ ఆయన్ని ఆసుపత్రి కింది అంతస్తులో ఉన్న వ్యాయామశాలకి పంపాడు. నాలుగు సైకిళ్ళు, మూడు ట్రెడ్‌మిల్లులు, గోడకి ఒక పెద్ద గడియారం. గుండె జబ్బు వచ్చి తేరుకున్నవాళ్ళకి అక్కడ మళ్ళీ కాళ్ళు కదపడం నేర్పుతారు. నేర్పేది ఒక ఫిజియోథెరపిస్టు. మా బావ భుజం దాకా వస్తుందేమో ఆ అమ్మాయి. ముందు నెమ్మదిగా నడిపించింది, పరీక్షలు చేసింది, డాక్టర్‌తో మాట్లాడింది. ఇంకో మూడు వారాలు పోయాక అసలు సంగతి చెప్పింది.

"సార్, ఇప్పుడు కొంచెం గట్టిగా చేద్దాం. పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కాక, నాలుగు నిమిషాలు బాగా వేగంగా. తర్వాత మూడు నిమిషాలు నెమ్మదిగా. అలా నాలుగుసార్లు."

"వేగంగానా? గుండె ఆగిపోయిన మనిషిని పట్టుకుని వేగంగా అంటావేంటి తల్లీ?"

"ఆగిపోలేదు సార్, అలిసిపోయింది. గుండె కూడా కండే. కష్టపెట్టి, కాస్త ఊపిరి తీసుకోనిచ్చి, మళ్ళీ కష్టపెడితే బలపడుతుంది. ఊరికే చెయ్యమనడం లేదు. మీకు పరీక్షలన్నీ అయ్యాయి, ఛాతీకి బెల్టు కట్టాను, మీ గుండె ఎంత కొట్టుకుంటోందో నాకు ఈ తెర మీద కనబడుతుంది. తేడా వస్తే నేనే ఆపేస్తాను."

బావ ట్రెడ్‌మిల్ ఎక్కాడు. ఎక్కి, దాని బెల్టు గురించి, మోటారు గురించి, తన దగ్గర పాతికేళ్ళ కిందట నేర్చుకున్న ఒక మెకానిక్ గురించి చెప్పుకుంటూ నాలుగు నిమిషాలూ నడిచేశాడు. దిగి, "ఇంతేనా?" అన్నాడు.

తర్వాతిసారీ అంతే. ఆ పైసారీ అంతే. వేగం పెంచే మీట మీద ఆ అమ్మాయి వేలు పడగానే బావ గుండె పట్టుకున్నట్టు ముఖం పెట్టేవాడు. ఆవిడ తెర చూసి, గుండె హాయిగానే ఉందని తెలిసి కూడా, పెద్దాయన కదా అని తగ్గించేది. వారం గడిచాక మా అక్కని పిలిపించింది. నేనూ తోడు వెళ్ళాను.

"మేడమ్, వేగం సరిపోయిందో లేదో తెలుసుకోడానికి తేలిక పద్ధతి ఒకటుంది. ఆ నాలుగు నిమిషాల్లో మనిషి ఒకటి రెండు మాటలకి మించి మాట్లాడలేకపోవాలి. మాట్లాడుతున్నారంటే పని జరగడం లేదని అర్థం. సార్ మొన్న నాకు ట్రెడ్‌మిల్ మీద మీ పెళ్ళి కథ మొత్తం చెప్పారు."

మా అక్క ముఖం అలా వెలగడం నేను ఎన్నడూ చూడలేదు.

"మాట్లాడలేకపోవాలా?" అంది మెల్లగా.

"లేకపోవాలి."

"ఎన్ని నిమిషాలన్నారు?"

"నాలుగు. నాలుగుసార్లు. వారానికి మూడు రోజులు."

"నలభై ఎనిమిది" అంది అక్క, పెదాలు కూడా కదపకుండా లెక్కేసేసి. "పెంచండమ్మా వేగం. నేను చూసుకుంటాను."

ఆ రోజు బావ గుండె పట్టుకున్నట్టు ముఖం పెట్టాడు. అక్క తెర వైపు చూసింది, ఆయన వైపు చూసింది, "ఏమండీ, పళ్ళు కనబడేలా నవ్వండి, ఎలా ఉన్నాయో చూస్తాను" అంది. పాపం, నవ్వొచ్చేసింది ఆయనకి. అమ్మాయి మీట నొక్కింది. ఒక నిమిషం అయ్యేసరికి వాక్యాలు చిన్నవయ్యాయి. రెండో నిమిషంలో మాటలు ఒక్కొక్కటే రాలాయి. మూడో నిమిషానికి, నేను కళ్ళారా చూశాను, మా బావ నోరు తెరిచే ఉంది గాని అందులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆ గదిలో ట్రెడ్‌మిల్ రొద ఎంత ఉందో మాకు అప్పుడే తెలిసింది.

దిగాక బావ చాలాసేపు రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. భయపడ్డాడేమో అని దగ్గరికి వెళ్ళాను. కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"మాట రాలేదే మరదలా" అన్నాడు ఊపిరి అందగానే. "రాలేదు, అయినా ఏమీ కాలేదు."

పన్నెండు వారాలు అక్కడే చేయించారు. తర్వాత మళ్ళీ పరీక్షించి, ఇక బయట చేసుకోవచ్చన్నారు. చేతికి గుండె లెక్క చూపించే గడియారం ఒకటి కట్టారు. ఛాతీలో బరువుగా అనిపించినా, తల తిరిగినా అక్కడికక్కడే ఆపి ఫోన్ చెయ్యాలని మా ముగ్గురినీ ఒప్పించారు.

మా ఇంటికి దగ్గర్లో మంచినీళ్ళ రిజర్వాయరు చుట్టూ చదునైన బాట ఉంది. వారానికి మూడు పొద్దులు అక్కడికి. బావ కాళ్ళ మీద, అక్క తన పాత సైకిల్ మీద ఆయన పక్కన, నేను నా సైకిల్ మీద వెనక. టైం చూసే పని నాది, విజిల్ కూడా నాదే. బావ మొదటి రోజే దొంగ ఎత్తులు మొదలెట్టాడు. అక్కడ వేగం పెంచే మీట లేదు కదా! నాలుగు నిమిషాలూ తీరిగ్గా నడుస్తూ, నీళ్ళలో పక్షుల గురించి ప్రసంగం.

మూడో రోజు అక్క ఒక ఉపాయం పన్నింది. నేను విజిల్ వేయగానే, ముందుకి చూస్తూనే, సన్నగా మొదలుపెట్టింది:

"మీకొక గళ్ళ చొక్కా ఉండేది, ఆవపువ్వు రంగుది. లాండ్రీవాళ్ళు పోగొట్టారని మీరు వాళ్ళతో రెండేళ్ళు మాట్లాడలేదు. గుర్తుందా?"

"ఆ, ఆ వెధవలు..."

అక్క సైకిల్ వేగం పెంచేసింది. వినాలంటే అందుకోవాలి. బావ పరుగులాంటి నడక అందుకున్నాడు. ఒగరుస్తూ పక్కకి వచ్చాక అక్క మిగతాది చెప్పింది: "వాళ్ళు పోగొట్టలేదు. నేనే చించి ల్యాబులో బల్లలు తుడవడానికి తీసుకెళ్ళాను."

బావ నోరు తెరిచాడు. గాలి. నేను విజిల్ వేశాను. మూడు నిమిషాల నెమ్మది నడకలో ఆయన అడగాల్సినవన్నీ అడిగాడు. అక్క మంచినీళ్ళు తాగుతూ కూర్చుంది. "నాలుగు నిమిషాల్లో అయితేనే చెప్తాను" అంది.

అలా మొదలైంది. రోజుకో రహస్యం. ముప్పై ఏళ్ళ మాటలు ఆవిడ దగ్గర పేరుకుపోయి ఉన్నాయి. వినేవాడు మొదటిసారి నోరు మూసుకుని దొరికాడు. అన్నీ తుంటరివి కావు. తన తల్లి పోయినప్పుడు వచ్చినవాళ్ళందరితో బావే మాట్లాడుతూ ఉంటే తనకి ఏడవడానికి కూడా చోటు దొరకలేదని ఒక రోజు చెప్పింది. ఆ రోజు నేను విజిల్ వేసినా బావ మూడు నిమిషాలూ ఏమీ అనలేదు. చెయ్యి చాపి సైకిల్ హ్యాండిల్ పట్టుకుని పక్కన నడిచాడు.

రెండు నెలలు గడిచాయి. బావ పొట్ట తగ్గింది. నేను విజిల్ వేయకముందే పరుగు మొదలెడుతున్నాడు. అప్పుడు అక్క పెద్దది తీసింది.

మొదటి నాలుగు నిమిషాలు: "పంతొమ్మిదేళ్ళ కిందట నేను మూడు నెలలు రోజూ సాయంత్రం కుట్టు నేర్చుకోడానికి వెళ్ళాను కదా. ఆ తర్వాత ఇంట్లో ఒక్క గుండీ అయినా కుట్టానా? ఎప్పుడైనా అనుమానం వచ్చిందా మీకు?" విజిల్.

"అయితే ఎక్కడికెళ్ళావు?" అన్నాడు బావ రొప్పుతూ. అక్క సీసా మూత తీసింది.

రెండో నాలుగు నిమిషాలు: "అంతకుముందు మీరు నాకు కారు నేర్పుతానన్నారు. మొదటి రోజు సీటు ఎలా సర్దుకోవాలో నలభై నిమిషాలు చెప్పారు. రెండో రోజు అద్దం గురించి చెప్పారు. కారు కదల్లేదు. నేను దిగి ఇంటికి నడిచొచ్చేశాను. మీరు గమనించలేదు, ఇంకా చెబుతూనే ఉన్నారు. ఆ తర్వాతే నేను కుట్టు క్లాసుకి బయల్దేరాను. అది కుట్టు క్లాసు కాదు. డ్రైవింగ్ క్లాసు."

బావ కాళ్ళు తడబడ్డాయి. "ఎ... ఎవ..." విజిల్.

ఊళ్ళో డ్రైవింగ్ స్కూళ్ళు రెండే. ఒకటి మా ఇంటి కింద ఉన్న బావ షాపు, రెండోది సరిగ్గా దానికి ఎదురుగా ఉంది. సాయంత్రాలు బావ ఎలాగూ పాఠాలు చెబుతూ బయటే ఉంటాడు. అక్కడ నేర్పే ఆయన పాఠం మొత్తం మీద పది మాటలకి మించి మాట్లాడడు. ఆయన్ని అందరూ ముక్తసరి మాస్టారు అంటారు. నేర్చుకునేవాళ్ళని లాక్కుపోతున్నాడని ఒకప్పుడు బావ ఆయన్ని నడిరోడ్డు మీద అరగంట దులిపేశాడు. ఆయన చివర్లో "సరే" అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మూడో నాలుగు నిమిషాలు: "ముక్తసరి మాస్టారి దగ్గర." అంతే చెప్పి అక్క ఊరుకుంది. మిగతా మూడు నిమిషాల యాభై సెకన్లూ బావ కోపం ఆయన్ని పరిగెత్తించింది. మా సైకిళ్ళకి అందలేదు.

నాలుగోది: "మొదటిసారే పాసయ్యాను. లైసెన్సు పిండి డబ్బా వెనక ఉంది. ఆదివారం మధ్యాహ్నం మీరు నిద్రపోగానే మీ కారే తీసుకెళ్ళేదాన్ని. పైన నేర్చుకునేవాళ్ళ బోర్డు ఉంటుందిగా, ఎలా నడిపినా ఎవరూ ఏమీ అనరు."

సోమవారం పొద్దున్నే సీటు ఎవరు ముందుకి జరిపారని పంతొమ్మిదేళ్ళుగా బావ ఎవర్నో ఒకర్ని కేకలేస్తూనే ఉన్నాడు. ఆ సంగతి ఆయనకి వెలగడం నేను పక్కనుంచి చూశాను. చటుక్కున నా వైపు తిరిగాడు. కళ్ళతోనే అడిగాడు: నీకూ తెలుసా?

తెలుసు. చాలా ఆదివారాలు ఆ కారులో వెనక సీట్లో కూర్చున్నదాన్ని నేనే. జాలేసి, ఇంకా పదిహేను సెకన్లు ఉండగానే విజిల్ వేసేశాను.

ఆ సాయంత్రం ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఫోన్ చేసింది. గడియారం లెక్కలు ఆవిడకి చేరతాయి. "సార్, ఈ రోజు నాలుగు రౌండ్లూ ఇదివరకెన్నడూ లేనంత బాగా చేశారు. ఎవరు చేయించారు?"

"మా ఆవిడ" అని పెట్టేశాడు బావ.

రెండు రోజులు ఇంట్లో మాట్లాడలేదు. కావాలని ఊరుకోవడం ఆయన జీవితంలో అదే మొదలు. మాకు ఆ నిశ్శబ్దం అలవాటు లేక టీవీ గట్టిగా పెట్టుకున్నాం. మూడో రోజు రోడ్డు దాటి ఎదురు షాపుకి వెళ్ళాడు. నేను కిటికీలోంచి చూసి, ఇద్దరూ కలబడతారేమోనని చెప్పులేసుకుని పరిగెత్తాను.

ముక్తసరి మాస్టారు సగం ఎత్తిన షట్టరు కింద నిలబడి ఉన్నాడు. బావ చేతులు కట్టుకుని అడిగాడు: "మా ఆవిడకి నువ్వు నేర్పావా?"

"ఊఁ."

"నాకెందుకు చెప్పలేదు?"

"అడగలేదు."

బావ కట్టుకున్న చేతులు దించాడు. "ఎలా నడిపేది?"

ఆయన షట్టరు పట్టుకున్నాడు. "నా దగ్గర అంత బాగా నేర్చుకున్నవాళ్ళు లేరు. మొదటి రోజే చెప్పింది, మీరు మాట్లాడకండి, నేను నడుపుతాను అని." అది ఆయనకి నెల రోజుల మాటలతో సమానం. అంటూనే మిగతా సగం షట్టరు ఎత్తబోయి, మధ్యలో ఆగి, గోడకి చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు.

బావ ముఖం మారిపోయింది. "ఎన్నాళ్ళుగా ఇలా?"

"మూడు నెలలు."

"డాక్టర్‌కి చూపించావా?"

"లేదు."

ఇక మొదలుపెట్టాడండీ మా బావ. తన పాలిపోయిన రోజులు, స్టెంటు, ట్రెడ్‌మిల్, గుండె కూడా కండే అన్న మాట, ఒక్కటి వదలకుండా నలభై నిమిషాలు. ముక్తసరి మాస్టారు చివరికి, ఈ మనిషి నోరు మూయించడానికి ఇదొక్కటే దారి అనుకున్నాడో ఏమో, "పద" అన్నాడు. అదే పూట ఇద్దరూ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. రక్తపోటు బాగా ఎక్కువుందని మందులు రాశారు, పరీక్షలు చెయ్యాలన్నారు. సమయానికే వచ్చారన్నారు. మాటలు ఎక్కువైనందుకు ఒక మనిషికి మేలు జరగడం నేను మొదటిసారి చూశాను. ఆ సంగతి బావకి చెప్పలేదు. చెబితే ఇంకెవరూ ఆపలేరు.

బావ ఆర్నెల్ల పరీక్షకి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. కారు దగ్గర నిలబడి తాళాలు అక్క చేతిలో పెట్టాడు.

"నేను వెనక కూర్చుంటాను. పక్కన కూర్చుంటే బ్రేకు మీద కాలు ఊరుకోదు" అన్నాడు. పక్క సీటు కింద మాస్టారి బ్రేకు ఒకటి వేరే ఉంటుంది.

అక్క సీటు ముందుకి జరుపుకుంది. ఈసారి అందరి ముందూ. కారు బయల్దేరింది. మొదటి మలుపు దగ్గర బావ గట్టిగా ఊపిరి పీల్చడం విన్నాను. రెండో మలుపు తర్వాత నాకు మళ్ళీ పంటి నొప్పి కథ మొదలుపెట్టాడు. అందులో కొత్తగా ఒక పన్ను చేరింది. ఊడదీసినాయన పారిపోయే ఘట్టానికి వచ్చేసరికి కారు ఆగింది.

"దిగండి" అంది అక్క.

"ఏం, సిగ్నలా?"

"ఆసుపత్రి."

బావ బయటికి చూశాడు. దారి పొడుగునా ఒక్క గేరు మార్పు కూడా ఆయన వినలేదు. అక్క అద్దంలోంచి ఆయన్నే చూస్తోంది. ఆయన దిగి, ముందుకి వచ్చి, ఆవిడ తలుపు తీసి పట్టుకున్నాడు.

పరీక్షలు బాగా వచ్చాయి. ఊరికే కూర్చున్నప్పుడు ఎనభై పైన కొట్టుకునే గుండె అరవై నాలుగుకి దిగింది. మెట్లు రెండంతస్తులు ఆగకుండా ఎక్కాడు, ఎక్కుతూ ఆ సంగతి పైనుంచి దిగుతున్న వాళ్ళందరికీ చెప్పాడు. మందులు మానొద్దన్నారు, నడక ఆపొద్దన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చున్నాడు. బ్రేకు మీద కాలు పెట్టి, ఓ నిమిషం అలాగే ఉంచి, తీసేశాడు. సీటు వెనక్కి వాల్చుకున్నాడు. మేము పెద్ద రోడ్డు ఎక్కేసరికి ఆయన తల కిటికీ వైపు వాలింది. నిద్రపోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో నడుస్తున్న కారులో ఆయన కళ్ళు మూసుకోవడం అదే మొదటిసారని తర్వాత తనే చెప్పాడు.

మా వీధి మలుపు వచ్చింది. నేను వెనక నుంచి వేలు చూపించాను. అక్క తల అడ్డంగా ఊపి, గేరు మార్చి, మలుపు దాటి తిన్నగా పోనిచ్చింది.